ఖాళీ గడిలో సున్నా

రేడియోలో మా రోడ్డు పేరు వినిపించినప్పుడు నేను రొట్టెల పిండి కలుపుతున్నాను. నాలుగు వాక్యాల వార్త. మా దీవుల రాజధాని సువాలోని ఐవి రోడ్డు మీద నిన్న పొద్దున బడికి వెళ్తున్న ఆరేళ్ల పాపను మినీబస్సు గుద్దింది. పాప కాలు రెండు చోట్ల విరిగింది. ఆస్పత్రిలో ఉంది. పోలీసులు విచారిస్తున్నారు. ఆ వెంటనే వాతావరణం, సాయంత్రానికి జల్లులట. మా అత్త టేబుల్ దగ్గర కూర్చుని టీ ఊదుకుంటోంది. కప్పు దించకుండానే అడిగింది.

“తల్లి ఎక్కడ చచ్చిందంట అప్పుడు?”

ఆ తల్లి ఎవరో ఆమెకు తెలుసు. మా పక్కింటి వసిటి. పదేళ్లుగా కంచె మీదుగా మాకు సీమపనస కాయలు అందిస్తున్న మనిషి. అత్తకు చీలమండ బెణికితే వారం రోజులు వచ్చి కొబ్బరినూనె రాసి కాలు పట్టిన మనిషి. అయినా రేడియోలోకి ఎక్కేసరికి వసిటి కాకుండా పోయింది, ‘తల్లి’ అయింది. తల్లిని ఎవరైనా ఏదైనా అడగొచ్చు.

“అదే కదా,” అన్నాడు నా భర్త ఉమేంద్ర, బూట్ల లేసులు కట్టుకుంటూ. “ఆరేళ్ల పిల్లని ఒక్కదాన్నే పంపిస్తారా ఎవరైనా?”

“ఒక్కతే కాదు. పెద్దపిల్లలతో పంపింది. మన ఆర్తిక కూడా ఉంది.”

“మన ఆర్తికకేం కాలేదుగా,” అన్నాడు.

ఇక్కడ నేనొక సంగతి దాచకుండా చెప్పాలి. ముందురోజు పొద్దున బ్రేకుల చప్పుడు, ఆ తర్వాత పిల్లల అరుపులు వినిపించినప్పుడు నేను బకెట్టు పడేసి పరిగెత్తాను. రోడ్డు మీద వసిటి కూతురు సేరా పడి ఉంది. ఆర్తిక కాదు. ఆ ఒక్క క్షణం నా లోపల ఏదో చల్లబడింది. చల్లబడ్డ మరుక్షణమే నా బుర్రలోకి వచ్చిన మొదటి మాట, వసిటి ఎక్కడ? అత్త అడగడానికి ఒకరోజు ముందే నేను అడిగేశాను. పైకి అనలేదు, అంతే తేడా. వసిటి ఎక్కడుందో నాకు తెలుసు. ఏడింటికి మొదలయ్యే కుట్టు ఫ్యాక్టరీ షిఫ్టులో ఉంది. ఆరున్నర బస్సు ఎక్కడానికి నా ముందు నుంచే పోయింది, నాకు చెయ్యి ఊపి మరీ పోయింది. మొగుడు చేపల ఓడ మీద ఉన్నాడు, నాలుగు నెలలకోసారి వస్తాడు. ఇవన్నీ తెలిసిన నాకు కూడా ఆ ప్రశ్నే వచ్చిందంటే అది నాది కాదు. నేను పుట్టకముందే ఎవరో తయారుచేసి నా నోట్లో పెట్టి ఉంచారు. బండి నడిపేవాడి కళ్లెక్కడున్నాయి, మలుపు దగ్గర రోడ్డు దాటే తెల్ల చారలెందుకు లేవు, ఈ ప్రశ్నలు ఎవరూ ఎవరి నోట్లోనూ పెట్టలేదు. వాటిని నేను కూర్చుని, కష్టపడి, ఒక్కొక్కటిగా తయారుచేసుకోవాల్సి వచ్చింది.

ఆ వారమంతా అదే ప్రశ్న మా రోడ్డు మీద తిరిగింది. కాగితాలు రాసుకోడానికి వచ్చిన పోలీసు అడిగాడు. బ్రెడ్డు కొనడానికి వెళ్తే కొట్టువాడు అడిగాడు. బడి నుంచి కాగితం వచ్చింది: రోడ్డు దాటే చోట తల్లులు తమ పిల్లలను స్వయంగా దాటించవలసిందిగా కోరుతున్నాము. తల్లులు అని రాశారు. తండ్రులు అనలేదు, పెద్దవాళ్లు అని కూడా అనలేదు. నేను దంతవైద్యుడి క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటాను. అక్కడ డాక్టర్ జోగియా పేపర్ మడుస్తూ, “మీ రోడ్డేనటగా శలేష్నీ? ఆ తల్లికి ఎట్లా నిద్రపడుతుందో పాపం,” అన్నాడు. తర్వాత నా ముఖం చూసి, “కాస్త నవ్వుతూ ఉండమ్మా, పేషెంట్లు అసలే భయపడి వస్తారు,” అన్నాడు.

నవ్వాను. కోపం నాకు ముఖంలోకి రాదు, చేతుల్లోకి వస్తుంది. ఆ రోజు అపాయింట్‌మెంట్ల పుస్తకంలో నేను రాసిన పేర్లు కింది పేజీలో కూడా పడ్డాయి.

మా మలుపు గురించి చెప్తాను. ఐవి రోడ్డు కొండ దిగుతూ వచ్చి బస్‌స్టాపు దగ్గర ఒక్కసారిగా వంగుతుంది. వంపులో పెద్ద సీమపనస చెట్టు రోడ్డు మీదికి ఒరిగి ఉంటుంది. పైనుంచి వచ్చే బండి దగ్గరికొచ్చేదాకా కనపడదు. బస్సు దిగిన పిల్లలు, ఈ పక్క ఇళ్ల పిల్లలు అందరూ అక్కడే దాటాలి, ఎందుకంటే బడి గేటు సరిగ్గా ఎదురుగా ఉంది. కిందికి రెండు వందల మీటర్లు నడిస్తే రోడ్డు తిన్నగా అవుతుంది. అక్కడ ధీరెన్ హార్డ్‌వేర్ కొట్టు. అక్కడ దాటడం సులువే, కానీ అటువైపు బడి పిల్లలకు పనేమీ లేదు.

మా వీధి సంఘానికి అధ్యక్షుడు మా ఆయనే. సంఘమంటే ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పరిచిన చాప. చాప మధ్యలో నంగోనా, అంటే కాస్త మత్తిచ్చే వేరు పొడి నీళ్లు, కలిపే చెక్క గిన్నె. గిన్నె చుట్టూ ఎనిమిది మంది మగవాళ్లు. కొబ్బరి చిప్పతో ముంచి ఒక్కొక్కరికీ అందిస్తారు, చప్పట్లు కొట్టి తాగుతారు, మళ్లీ చప్పట్లు. వీధిలో ఏ సంగతైనా ఆ గిన్నె దగ్గర తేలాల్సిందే. గిన్నె దగ్గర కూర్చున్నవాడి మాట మాట, నిలబడ్డ మనిషిది మాట కాదు. ఆడవాళ్లం కూర్చోం. వద్దని ఎవరూ అనలేదు. భజియాలు ఎవరో ఒకరు వేయించాలి కదా.

సేరా కాలు విరిగిన తర్వాతి ఆదివారం దాటే చారల కోసం అర్జీ పెట్టాలని ఆ చాప మీదే తేలింది. అర్జీ రాసింది నేను. ‘ఇట్లు, ఉమేంద్ర, అధ్యక్షుడు’ అని కింద ఆయన సంతకం. రోడ్ల ఆఫీసు నుంచి జవాబుగా ఒక ఫారం వచ్చింది. ఐదు బడి రోజులు, పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, ఇరవై నిమిషాలకొక గడి చొప్పున ఎంతమంది పిల్లలు దాటారు, ఎన్ని బళ్లు పోయాయి రాసి పంపాలి. లెక్క చూసి తేలుస్తారట. ఆ ఆదివారం ఫారం గిన్నె దగ్గరికి వచ్చింది.

“ఎవరు లెక్కపెడతారు?” అన్నాడు ధీరెన్ చిప్ప కింద పెడుతూ. “పొద్దున్నే నాకు కొట్టు తెరవాలి.”

“నాకు డ్యూటీ,” అన్నాడు ఒకడు.

“నాకు నడుము నొప్పి,” అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

“వదిన ఉందిగా,” అన్నాడు ధీరెన్. అప్పుడు నేను పళ్లెం పట్టుకుని వాళ్ల వెనకే ఉన్నాను. “వదినకి ఇంటి ముందే కదా.”

“తను చేస్తుందిలే,” అన్నాడు ఉమేంద్ర. నా వైపు తిరగను కూడా తిరగలేదు. “ఐదు రోజులేగా.”

నాకూ ఆఫీసుంది. ఎనిమిదిన్నరకి క్లినిక్ తెరవాల్సింది నేనే. ఆ ముక్క ఎవరికీ గుర్తు రాలేదు. చెప్పాలంటే నేను కూడా గుర్తు చేయలేదు. నాకు ఆ పని కావాలనిపించింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

మర్నాడు నాలుగింటికే లేచాను. రొట్టెలు, బంగాళాదుంప కూర, మూడు డబ్బాలు, అత్త రక్తపోటు మాత్ర, ఆర్తిక జడలు. ఆరూ ఇరవై ఐదుకి నోటుపుస్తకం, పెన్ను పట్టుకుని మలుపు దగ్గర నిలబడ్డాను. మొదటి పది నిమిషాలు సిగ్గేసింది. నలభై ఒక్క ఏళ్ల మనిషిని, చేతిలో సంచి లేదు, చీపురు లేదు, పిల్ల చెయ్యి లేదు. ఊరికే రోడ్డు పక్కన నిలబడి చూస్తున్నాను. దారిన పోయేవాళ్లు ఏం కావాలన్నట్టు చూశారు. తర్వాత సిగ్గు పోయింది. బండికొక గీత, పిల్లకొక చుక్క. చుక్క పెట్టడానికి ఒక్కొక్క ముఖం చూడాలి. చెల్లెలి సంచి కూడా మోస్తున్న పిల్లాడు. చెట్టు వెనక నుంచి తల బయటపెట్టి, వెనక్కి తీసి, మళ్లీ పెట్టి, ఒక్క దూకులో పరిగెత్తే పిల్ల. కళ్లు మూసుకుని దాటే పిల్ల కూడా ఒకతి ఉంది. నిజంగా మూసుకుంటుంది. బండి కనపడకపోతే అది లేదనుకుంటుందేమో. రెండో రోజు ఆ పిల్లను ఆపి “కళ్లెందుకు మూసుకుంటావే?” అని అడిగితే, “ఆంటీ, చూస్తే భయమేస్తుంది,” అంది.

పెళ్లయిన పధ్నాలుగేళ్లలో నేను చాలాసార్లు దాటిన పద్ధతి అదే.

ఆ ఐదు రోజులూ క్లినిక్‌కి అరగంట ఆలస్యం. డాక్టర్ జోగియా మొదటి రోజు ఏమీ అనలేదు. రెండో రోజు గడియారం చూశాడు. మూడో రోజు, “మీ రోడ్డు సంగతి మీ మున్సిపాలిటీ చూసుకోవాలి, నా క్లినిక్ కాదు,” అని నా భోజనం గంట సగానికి కోశాడు. నిలబడి రొట్టె తిన్నాను. కానీ ఆ వారం నేను ఏ రోజూ అలిసిపోలేదు. రోజుకు రెండు గంటలు నన్ను ఎవరూ ఏమీ అడగని చోట నిలబడ్డాను. నేను చూసింది రాశాను, రాసింది నిజమైంది. ఇంట్లో నేను రోజంతా చేసిన పని సాయంత్రానికి ఎక్కడా కనపడదు. తిన్న రొట్టె లేదు, ఉతికిన చొక్కా మళ్లీ మాసింది. ఈ గీతలు మాత్రం మర్నాటికీ అక్కడే ఉన్నాయి.

శుక్రవారం సాయంత్రం ఉమేంద్ర నా నోటుపుస్తకం తీసుకుని, లెక్కలు ఫారంలోకి గుండ్రటి చేతిరాతతో ఎక్కించాడు. “బాగానే చేశావే,” అన్నాడు. శనివారం బట్టలు ఆరేసి వచ్చి టేబుల్ తుడుస్తుంటే ఫారం నకలు కనిపించింది. పిల్లల సంఖ్య నాదే. బళ్ల సంఖ్య నాదే. పైన ‘దాటే చారలు కోరుతున్న స్థలం, లెక్కించిన స్థలం’ అన్నచోట, ‘ధీరెన్ హార్డ్‌వేర్ ఎదుట’ అని ఉంది.

నకలు పట్టుకుని ముందు గదిలోకి వెళ్లాను. ఆయన కాళ్లు బల్ల మీద పెట్టుకుని రగ్బీ చూస్తున్నాడు.

“ఇదేంటి?”

“ఏది?”

“నేను నిలబడింది మలుపు దగ్గర. కొట్టు ముందు కాదు.”

“ఓ, అదా.” ఆయన గొంతు తగ్గించాడు, పక్కగదిలో అమ్మ ఉందన్నట్టు. “మలుపు దగ్గర ఇవ్వరట శలేష్నీ. చెట్టు కొట్టాలి, కాలిబాట వెయ్యాలి, పెద్ద పని. కొట్టు ముందైతే నెలలో గీసేస్తారు. అదీకాక ధీరెన్ మన రామాయణ మండలి షెడ్డుకి రేకులు ఇస్తానన్నాడు. ఆయన కొట్టుకొచ్చేవాళ్లు ఎదురుగా కార్లు పెట్టుకుని దాటలేక చస్తున్నారు. అందరి పనీ అవుతుంది.”

“అందరి పని కాదు, ధీరెన్ పని. పిల్లలు కిందిదాకా వెళ్లి దాటి, మళ్లీ పైకి ఎక్కి బడికి వెళ్తారా?”

“చెప్తే వెళ్తారు. తల్లులు చెప్పాలి.”

ఆ మాట అన్నాక టీవీలో ఎవరో గోల్ లైను దాటారు, ఆయన “అరె!” అని ముందుకు వంగాడు. ఆయన చెడ్డవాడు కాదు, అదే నాకు కష్టం. చెడ్డవాడైతే నా కోపానికి ఒక ఆకారం ఉండేది. ఆయన అందరికీ మంచివాడు. ధీరెన్‌కి మంచివాడు, మండలికి మంచివాడు, అమ్మకు మంచివాడు. ఆ మంచితనమంతా ఎక్కడి నుంచి తీసి పంచుతున్నాడో మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు.

“ఇది అబద్ధం. నా లెక్కని తీసుకెళ్లి అబద్ధం కింద పెట్టారు,” అన్నాను.

“నీ లెక్కేంటి? సంఘం లెక్క.” ఈసారి చిరాకు పడ్డాడు. “మగాళ్లం మాట్లాడుకుని తేల్చుకున్నాం. ఫారం పొద్దున్నే ఇచ్చేసి వచ్చాను. రేపు సెలవైనా ఆఫీసు మేడమ్ వస్తుంది, స్థలం చూసి సంతకం పెడుతుంది. నువ్విప్పుడు దాన్ని పెద్దది చెయ్యకు.”

లోపలి గదిలోంచి అత్త, “ఏంటే గొడవ?” అంది.

“ఏం లేదమ్మా,” అన్నాడు ఆయన. ఎప్పుడూ అంతే. నా గొడవకు ఇంట్లో ఉన్న పేరు, ఏం లేదు.

సాయంత్రం వసిటి వాళ్లింటికి వెళ్లాను. సేరా చాప మీద పడుకుని ఉంది, కాలు తొడ దాకా పిండికట్టు. దాని మీద బడి పిల్లలు రంగు పెన్నులతో పువ్వులు వేశారు. ఫ్యాక్టరీలో సెలవు ఇవ్వక వసిటి వాళ్ల అమ్మను ఊరి నుంచి పిలిపించుకుంది. జరిగింది చెప్పాను. వసిటి సేరా కాలి కింద దిండు సర్దింది.

“నువ్వు ఐదు రోజులు నిలబడ్డావుగా,” అంది. “ఫ్యాక్టరీ బస్సులోంచి చూశాను. మా వాళ్లందరికీ చూపించాను, మా పక్కింటావిడ, మా పిల్లల కోసం నిలబడింది అని.” ఆ తర్వాత నవ్వింది, నవ్వు కాదది. “ధీరెన్ కోసమని తెలీలేదు.”

నన్ను కొట్టినా బాగుండేది.

“నేనేం చెయ్యను వసిటీ?”

“నన్నడుగుతావేంటి? ఆ గిన్నె ఉన్నది మీ ఇంట్లో.”

ఆదివారం రెండింటికి రోడ్ల ఆఫీసు జీపు వచ్చింది. దిగినావిడ పేరు లవేనియా. ముప్ఫై ఐదేళ్లుంటాయి. బిగించి కట్టిన జుట్టు, చేతిలో అట్ట, బురద అంటిన బూట్లు. మగవాళ్లందరూ లేచి నిలబడ్డారు. ఆమె కోసం చాప పక్కన ఒక కుర్చీ వేశారు. ఆమె కుర్చీని పక్కకు జరిపి చాప మీదే కూర్చుంది, చిప్ప అందుకుని చప్పట్లు కొట్టి ఒక్క గుక్కలో తాగింది. అందరూ మెచ్చుకున్నారు. నేను షెడ్డు గుమ్మంలో భజియాల పళ్లెం పట్టుకుని చూస్తున్నాను. గిన్నె దగ్గర ఒక ఆడమనిషి కూర్చుంటే ఆకాశం ఊడిపడలేదు. ఆమెకు ఉద్యోగం హోదా ఇచ్చింది కాబట్టి కూర్చుంది, నాకు లేదు కాబట్టి నిలబడ్డాను, అంతే. ఆమె భజియా తీసుకుని, “చాలా బాగున్నాయండీ,” అంది నాతో. నన్ను చూసి ఆమె అన్న మొదటి మాట అది. ఆమె మీద కూడా కోపం వచ్చింది.

ఆమె ఫారం విప్పింది.

“లెక్క శుభ్రంగా ఉంది,” అంది. “ఇంత శ్రద్ధగా చేసినవాళ్లను నేను చూళ్లేదు. మామూలుగా ఇంట్లో కూర్చుని అంకెలు వేసి పంపిస్తారు.”

“మేం అందరం కలిసి చేశాం మేడమ్,” అన్నాడు ధీరెన్.

“ఒక్క సందేహం. బుధవారం, ఏడూ పది నుంచి ఏడున్నర. మిగతా నాలుగు రోజులూ ఆ గడిలో నలభై మంది పిల్లలకు తక్కువ లేరు. బుధవారం సున్నా. బళ్లు కూడా సున్నా. ఏమైంది ఆ రోజు?”

అందరూ మా ఆయన వైపు చూశారు.

“వర్షం మేడమ్,” అన్నాడు ఉమేంద్ర.

“వర్షమొస్తే పిల్లలు తగ్గుతారు, ఒప్పుకుంటాను. బళ్లు కూడా కరిగిపోతాయా?”

“మా బళ్లు ఉప్పుతో చేసినవి మేడమ్,” అన్నాడు ఎవరో. నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కానీ పెన్ను ఆ గడి మీంచి తీయలేదు.

“పెద్ద వర్షం,” అన్నాడు ఉమేంద్ర. చెమట పట్టింది ఆయనకు. గుమ్మం వైపు తిరిగాడు. ఆ ఆదివారం ఆయన నా ముఖం చూడ్డం అదే మొదలు. “ఏం శలేష్నీ, వర్షమే కదా ఆ రోజు?”

తల ఊపితే చాలు. మాట కూడా అక్కర్లేదు.

బుధవారం ఏడూ పదికి ఆర్తిక పరిగెత్తుకుంటూ మలుపు దగ్గరికి వచ్చింది. “అమ్మా, నాన్న రమ్మంటున్నాడు, ఇప్పుడే.” ఏమైందోనని పరిగెత్తాను. ఉమేంద్ర బనియనుతో గది మధ్యలో నిలబడి ఉన్నాడు. ఆఫీసులో ఎవరో పెద్దాయనకు వీడ్కోలు, నీలం పూల చొక్కా కావాలి, ఇస్త్రీ లేదు. ఇస్త్రీ పెట్టె ఆయన చేతికి రెండు అడుగుల దూరంలో ఉంది. చేశాను. కాలరు దగ్గర సరిగా రాలేదన్నాడు, మళ్లీ చేశాను. ఆ లోపల అత్త టీ చల్లారిందంది. వెచ్చబెట్టాను. ఆయన తాళాలు వెతికాను, అవి ఆయన ప్యాంటు జేబులోనే ఉన్నాయి. తిరిగి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఏడున్నర. ఆ ఇరవై నిమిషాలు ఎవరు దాటారో నాకు తెలియదు. పక్కగడులు చూసి ఒక అంకె వేసేయొచ్చు. వెయ్యలేదు. నేను చూడనిది నేను రాయను. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఖాళీ వేరు, సున్నా వేరు. ఖాళీ అంటే లెక్కపెట్టే మనిషి అక్కడ లేదని. సున్నా అంటే పిల్లలే లేరని. ఉమేంద్ర నా పుస్తకంలోంచి ఎక్కిస్తూ ఖాళీ గడి చూసి, ఎందుకని నన్ను అడగకుండా, సున్నా పెట్టాడు. నలభై మంది పిల్లలు, ఆ కళ్లు మూసుకునే పిల్లతో సహా, ఆ గుండ్రటి చేతిరాత కింద లేకుండా పోయారు. నేను లేకపోవడం కూడా లేకుండా పోయింది.

తల ఊపితే నెలలో చారలు పడతాయి, కొట్టు ముందు. మా ఆయన మాట నిలబడుతుంది. ఊపకపోతే ఏ చారలూ రాకపోవచ్చు. మలుపు మలుపులాగే ఉండొచ్చు, దానికి కారణం నేనని ఈ ఎనిమిది మందీ నేను చచ్చేదాకా చెప్పుకుంటారు. అది కూడా ఆలోచించాను. ఆలోచించలేదని ఎవరూ అనుకోవద్దు.

పళ్లెం కింద పెట్టాను. చెప్పులు విప్పి చాప మీదికి వచ్చాను. ధీరెన్ పక్కన కాస్త జాగా ఉంది. కూర్చున్నాను. ధీరెన్ కాలు కాలినట్టు జరిగాడు.

“వర్షం లేదండీ,” అన్నాను ఆఫీసు ఆవిడతో. “ఎండగా ఉంది. ఆ ఇరవై నిమిషాలు నేను ఈయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను.”

ఎవరో దగ్గారు. లవేనియా ఫారం మీంచి తల ఎత్తింది.

“మీరు లెక్కపెట్టారా?”

“ఐదు రోజులూ నేనే. ఆ గడి ఖాళీగా వదిలాను. సున్నా నేను పెట్టలేదు.”

“శలేష్నీ, లోపల పాలు పొంగుతున్నాయేమో చూడు,” అన్నాడు ఉమేంద్ర.

“పొయ్యి మీద పాలు లేవు,” అన్నాను.

లవేనియా ఆయన వైపు చూడలేదు. “లెక్కపెట్టేటప్పుడు మీరు ఎక్కడ నిలబడ్డారు?” అని అడిగింది. చాలా మామూలుగా అడిగింది. కానీ చిప్ప ముంచుతున్నవాడి చెయ్యి గిన్నెలోనే ఆగింది.

“వదినా,” అన్నాడు ధీరెన్ మెల్లగా. “మండలి షెడ్డు వదినా. దేవుడి పని.”

“మలుపు దగ్గర,” అన్నాను. “బడి గేటుకి ఎదురుగా. సేరా పడిన చోట. హార్డ్‌వేర్ కొట్టు ముందు నేను ఒక్క నిమిషం కూడా నిలబడలేదు. ఆ కాగితంలో ఉన్న పిల్లలు ఒక్కరు కూడా అక్కడ దాటలేదు.”

ఆమె ఫారాన్ని కాసేపు చూసింది. తర్వాత రెండుగా మడిచి అట్ట కింద పెట్టింది. దయగా ఏమీ మాట్లాడలేదు. “అయితే ఇది చెల్లదు. స్థలం తప్పు రాసిన ఫారం మీద నేను ఏదీ ఇవ్వలేను, అక్కడా ఇక్కడా. మలుపు దగ్గర కావాలంటే కొత్త అర్జీ, మళ్లీ ఐదు బడి రోజుల లెక్క. బడులు పన్నెండు రోజుల్లో సెలవులకు మూసేస్తారు. లెక్క చూశాక కూడా ఇస్తామని నేను మాట ఇవ్వను, చెట్టుంది అక్కడ.”

“అయింది?” అన్నాడు ఉమేంద్ర నాతో. “చేతికి వచ్చింది పోగొట్టావు. చల్లగా ఉందా ఇప్పుడు?”

చల్లగా లేదు. వేడిగా ఉంది, మెడ దాకా.

“లెక్క ఎవరు చేస్తారు?” అని అడిగింది లవేనియా, చాప చుట్టూ చూస్తూ. ఈసారి ఎవరికీ నేను గుర్తు రాలేదు.

“నేను చేస్తాను,” అన్నాను. “కొత్త ఫారం ఇవ్వండి. స్థలం ఇప్పుడే మీ ముందే రాస్తాను, సంతకం కూడా నాదే.”

ఆమె అట్టలోంచి ఒక ఫారం తీసి ఇచ్చింది. మోకాలి మీద పెట్టుకుని రాశాను, ‘బడి గేటు ఎదుట, మలుపులో’ అని. కింద నా పేరు. ఆ తర్వాత ఉమేంద్ర వైపు తిరిగాను. ఇంటి గుమ్మంలో మా అత్త నిలబడి ఉంది, ఆమెకు కూడా వినపడేటట్టు చెప్పాను.

“రేపటి నుంచి శుక్రవారం దాకా, ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, నేను ఈ ఇంట్లో లేను. ఈసారి ఏ గడీ ఖాళీగా వదలను. నన్ను ఎవరు పిలిస్తే వాళ్ల పేరు, ఎందుకు పిలిచారో ఆ సంగతి, ఆ గడిలో రాసి ఆఫీసుకి పంపిస్తాను.”